నడచు గీత

నేడు నేను మీకు మనవి చేయబోవునది ఒక గీతయొక్క చరిత్ర. ఆ గీతను మీరందరును చూచియే యుందురు. ఆసుపత్రిలో రోగి తలాపున నుంచిన యంత్రపు తెరమీద మిణుకు మిణుకుమనుచు ఎగసి పడుచు పోవునది అదియే. భూకంపము వచ్చిన మరునాడు పత్రికలలో గజిబిజిగా అచ్చుపడునది అదియే. క్రొత్త కొన కుడివైపున పుట్టుచుండును. ప్రాతభాగము క్రమముగా ఎడమవైపునకు జరిగి, అంచు చేరగానే మాయమగుచుండును. చూచువారు కూర్చుండియే యుందురు, గీత నడచుచుండును. అందుచేత దీనికి నేను నడచు గీత యని పేరు పెట్టుకొంటిని.

ఈ ప్రసంగమునకు చెన్నూరును తావుగా గైకొనుట కొక కారణము కలదు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో మంచిర్యాల జిల్లాలో చేరిన యీ యూరికడ గోదావరి తన తూర్పునడక మాని ఐదుక్రోశముల మేర ఉత్తరముగా ప్రవహించును. ఆ కారణముచేతనే పంచక్రోశ ఉత్తరవాహిని యని యీ క్షేత్రమునకు ప్రసిద్ధి. అగస్త్యేశ్వరాలయమునకు వచ్చు యాత్రికులు నదిని భక్తితో చూతురు; ఒడ్డున ప్రత్తియు వరియు వేసిన రైతులు భక్తితోడనే కాక భయముతోడను చూతురు. దిగువను కాళేశ్వరమువద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. ప్రాణహిత నిండుగా వచ్చిన దినములలో గోదావరి నీరు ముందునకు సాగలేక వెనుకకు ఎగదట్టును. వానకాలమున ఈ ప్రాంతమువారిని నేను గమనించినంతవరకు, “నీరెంత వచ్చినది?” అని యడుగువారికంటె, “పెరుగుచున్నదా, తగ్గుచున్నదా?” అని యడుగువారే యెక్కువ. ఈ రెండవ ప్రశ్నకు అంకె యొక్కటియే ప్రత్యుత్తర మీయజాలదు. గీత మాత్రమే ఈయగలదు. నడచు గీత పుట్టుకకు మూలకారణ మిదియే.

కదలిపోవు బొమ్మను చూచి కథ తెలిసికొనుట మనకు క్రొత్తగాదు. తెలంగాణములో పటము చూపి కథ చెప్పు ఆచారము బహుకాలమునుండి యున్నది. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజియు సుద్దయు జిగురును పట్టించి, ఆరబెట్టి, దానిపై ఎఱ్ఱని నేపథ్యమున కథాఘట్టములను ఒకదాని క్రింద నొకటిగా వ్రాయుదురు. నడుమ నడుమ పూలపట్టీలతో అరలు తీర్తురు. పొడవైన ఆ పటమును చుట్టగా చుట్టి కథకుల చేతికిత్తురు. పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పు కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు, పటము విప్పుకొనుచు ఘట్టమువెంట ఘట్టమును కఱ్ఱతో చూపుచు పాడుదురు. చెప్పవలసినది విప్పబడుచుండును, చెప్పినది చుట్టబడుచుండును.

ఇందు మనము గమనింపదగిన సంగతులు రెండు. మొదటిది, ముందువెనుకల క్రమము పటములో స్థలక్రమముగా మారినది. మీదనున్నది మొదట జరిగినది, క్రిందనున్నది తరువాత జరిగినది. రెండవది, చుట్టిన భాగము నశింపలేదు. ఎవరైన అడిగినచో కథకుడు మరల విప్పి చూపగలడు. అయితే నడచు గీతకును దీనికిని భేద మొకటి యున్నది. పటము మునుపే వ్రాసి ముగించినది. నడచు గీతయో, సంగతి జరుగుచుండగనే వ్రాయబడునది. దానిని వ్రాయునది మనుష్యహస్తము గాదు, ఆ సంగతియే. నది తన యెత్తును తానే వ్రాసికొనవలెను. గుండె తన కొట్టుకొనుటను తానే వ్రాసికొనవలెను. ఇట్టి స్వయంలేఖనము పంతొమ్మిదవ శతాబ్దమున గాని వ్యాప్తిలోనికి రాలేదు.

1831లో హెన్రీ పామర్ అను ఇంజినీరు లండను రేవునందలి సముద్రపు ఆటుపోటులను తానే వ్రాసికొను యంత్రమును వర్ణించి ప్రకటించెను. దాని నిర్మాణము సులభమైనది. సముద్రముతో సంబంధముగల యొక బావిలో తేలెడి బెండు నుంచుదురు. బెండు లేచినచో దానికి త్రాటితో కట్టిన లేఖిని లేచును, దిగినచో దిగును. లేఖినికి ఎదురుగా డోలువంటి గుండ్రని స్తంభము, దానిపై చుట్టిన కాగితము. డోలును గడియారము మెల్లగా త్రిప్పుచుండును. గడియారము కాలమును చెప్పును, బెండు నీటి యెత్తును చెప్పును; రెండును కలసి కాగితముపై గీత యగును. తరువాతి నూరు సంవత్సరములలో వచ్చిన స్వయంలేఖన యంత్రములలో పెక్కింటికి ప్రాణ మీ రెండు చలనములే. 1847లో కార్ల్ లుడ్విగ్ అను జర్మను శారీరశాస్త్రజ్ఞుడు మసి పట్టించిన కాగితముపై రక్తపు ఒత్తిడిని ఈ విధముగనే వ్రాయించెను. 1867లో విలియం థామ్సన్, పిమ్మట కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు, సముద్రగర్భపు తంతివార్తలను సాగిపోవు కాగితపు పట్టీపై సన్నని సిరాధారతో వ్రాయు యంత్రమును కల్పించెను. డోలు తిరిగి తిరిగి మొదటికే వచ్చును గాని పట్టీకి తుద లేదు. 1880 ప్రాంతమున మిల్న్, యూయింగ్, గ్రే అనువారు జపానులో భూకంపలేఖనములను తీర్చిరి. ఇరువదవ శతాబ్దారంభమున హాలండు దేశమునందలి ఐంథోవెన్ గుండెయొక్క విద్యుత్తును గీతగా మార్చి, 1924లో నోబెలు బహుమతి నందెను.

ఇవియన్నియు పరదేశపు ముచ్చట లనుకొనవలదు. సర్వే ఆఫ్ ఇండియా వారు 1870ల నుండి మన తీరములందు ఆటుపోటుల యంత్రములను నెలకొల్పిరి. మద్రాసునను విశాఖపట్టణమునను అట్టివి పనిచేసినవి. సముద్రము దినమునకు రెండుమారులు లేచి దిగుటచే వాని కాగితములపై పెద్ద పెద్ద అలలవంటి నున్నని వంపులు ఏర్పడుచుండెను. 1881 డిసెంబరు 31వ తేదీన ఆ నున్నని వంపుమీద రంపపు పండ్లవంటి చిన్న చిన్న కోరలు కనబడినవి. కార్ నికోబారు దీవికడ వచ్చిన భూకంపమువలన పుట్టిన అలలు బంగాళాఖాతమును దాటి మన తీరమును సోకిన గుర్తు లవి. అవి యెంత చిన్నవనగా, ఒడ్డున నిలిచి చూచినవారిలో పెక్కుమందికి తెలియకయే యుండవచ్చును. మరి రెండేండ్లకు, 1883 ఆగస్టులో, క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడును మన దేశపు యంత్రములు ఆ వార్తను వ్రాసికొనినవి.

ఆ కాగితములను ఎవరును పారవేయలేదు. 2003లో ఓర్టిజ్, బిల్హామ్ అను పండితు లిద్దరు ఆ 1881 నాటి గీతలను తీసి, ఏ యంత్రమునకు అల యెన్ని గంటలకు చేరినది, ఎంత యెత్తున చేరినది అని లెక్కించి, నూటయిరువదేండ్ల వెనుక సముద్రగర్భమున నేల యెచట ఎంత కదలినదో తేల్చిరి. ఆ భూకంపపు పరిమాణము 7.9 అని వారి నిర్ణయము. మరుసటి యేడు, 2004 డిసెంబరు 26న, ఆ భూభాగమే యింకను ఘోరముగా కదలి సునామీ పుట్టినది. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ప్రాత కాగితము ఆ విపత్తును ఆపలేదు. కాని ఆ సముద్రమునుండి అట్టి యల రాగలదని చెప్పిన సాక్ష్య మది. గీతను నిలుపుకొనుటవలన గలిగిన ఫల మిది.

మన హైదరాబాదు సంగతియు చెప్పవలయును. జాఫర్ జంగ్ నవాబు స్థాపించిన నిజామియా నక్షత్రశాల 1908లో ప్రభుత్వపు అధీనమైనది. అచట నక్షత్రములతోపాటు భూమియొక్క కదలికలను గూడ మిల్న్-షా భూకంపలేఖనముతో వ్రాయించుచుండిరి. 1961లో హైదరాబాదునందే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యేర్పడినది. 1969 ఏప్రిలు 13న భద్రాచలము ప్రాంతమును కదలించిన భూకంపము గోదావరిలోయ స్థిరమైనదను నమ్మకమును సడలించినది. 2024 డిసెంబరు 4న ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణపు భూకంపము వచ్చినప్పుడు మంచిర్యాల మొదలుకొని హైదరాబాదువరకు జనులు ఇండ్లు విడిచి వెలుపలికి వచ్చిరి. ఆ కొన్ని క్షణముల వణుకు యంత్రములయందు గీతగా నిలిచినది.

ఇక కాగితమునుండి తెరమీదికి వత్తము. 1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గాజుగొట్టములో విద్యుత్కణముల ధారను పారించి, గొట్టపు చివర పూసిన పూతపై వెలుగుచుక్కను కదలించెను. లేఖినికి బరువున్నది గావున త్వరగా కదలలేదు. వెలుగుచుక్కకు ఆ బాధ లేదు. అయితే క్రొత్త బాధ వచ్చినది. సిరా ఆరి నిలుచును. వెలుగు క్షణములో ఆరిపోవును. నడచిన గీతను నిలుపుటకు మరల మరల గీయుచునే యుండవలెను. 1963లో ఐవన్ సదర్లాండ్ కంప్యూటరు తెరమీద చేతితో గీయు విధమును చూపెను. 1973లో జిరాక్సు వారి ఆల్టో అను యంత్రము బొమ్మలతోను కిటికీలతోను నిండిన తెరను తెచ్చెను. అటుపిమ్మట నడచు గీత యీ కిటికీలలో నొకదానిలో కాపురము పెట్టినది.

తెరమీద గీత నడచు విధమును తెలిసికొన్నచో దానిని నమ్మదగిన చోటును నమ్మరాని చోటును తెలియును. కావున కొంచెము ఓపికతో వినుడు. తెర యనగా సన్నని చుక్కల గళ్లు. గీతను ఒక గడి యెడమకు జరుపుటకు రెండు మార్గములు కలవు. తెరనంతయు తుడిచి గీతను మొదటినుండి మరల గీయుట యొకటి. ఉన్న బొమ్మనే ఎడమకు నెట్టి, కుడియంచున ఖాళీయైన నిలువుపట్టీలో క్రొత్త భాగమును మాత్రము గీయుట రెండవది. మొదటిదానికి శ్రమ యెక్కువ, రెండవదానికి తక్కువ. ఆసుపత్రి యంత్రములలో మూడవ విధము గూడ కలదు: అచట గీత కదలదు, ఖాళీపట్టీ యొకటి ఎడమనుండి కుడికి పోవుచు ప్రాతదానిని తుడుచును, దాని వెనుకనే క్రొత్తది వచ్చును.

కండ్లయెదుటనే తుడిచి గీసినచో బొమ్మ మిణుకుమని కంటికి బాధ కలుగును. కావున ఇద్దరు పిల్లల పలకలవలె రెండు పలక లుంచుదురు. ఒకటి చూపుచుండగా రెండవదానిమీద చాటున గీయుదురు. గీయుట పూర్తియైన పిమ్మట రెండింటిని మార్తురు. చూచువానికి తుడుపు కనబడదు, నడక మాత్రమే కనబడును.

వచ్చిన కొలతలను దాచుకొనుట మరియొక సమస్య. వరుసగా నిలిచిన కొలతలలో ఒక్కటి చేరినప్పుడెల్ల అన్నింటిని ఒక్కొక్క స్థానము జరుపవలసినచో పని తెమలదు. గుండ్రముగా కట్టిన అరువది గాదెలను ఊహింపుడు. దినమున కొక గాదె నింపుచు వచ్చి అరువదవది నిండినతరువాత, మొదటి గాదెలోని ప్రాతగింజలు తీసి క్రొత్తవి పోయుదురు. గింజలను ఒక గాదెనుండి వేరొక గాదెకు మోయు పనిలేదు. “నేడు పోయవలసినది ఇది” యను గుర్తు మాత్రము జరుగును. కంప్యూటరులోని కొలతలును ఇట్లే గుండ్రని గాదెలలో నుండును. ఇది మిక్కిలి తెలివైన యేర్పాటు. కాని అరువదియొకటవ దినమున మొదటి దినపు గింజ లేమైనవో మరువరాదు. వానిని వేరొకచోట భద్రపరుపని పక్షమున అవి పోయినట్లే.

ఇట్టి తెరలవలన మన ప్రాంతమునకు గలిగిన మేలు చిన్నదిగాదు. 2004 నాటి విపత్తు పిమ్మట, 2007లో హైదరాబాదునందలి ఇన్కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొనినది. తీరమునందలి నీటికొలతలును సముద్రగర్భపు ఒత్తిడికొలతలును ఉపగ్రహములద్వారా వచ్చి అచట గీతలై నడచును. సముద్రములేని నగరమున కూర్చుండి సముద్రమును కనిపెట్టు కొలువది. 2012 ఏప్రిలు 11న సుమత్రాకడ 8.6 పరిమాణపు భూకంపము వచ్చినప్పుడు హెచ్చరిక వెలువడినది. సముద్రపు గీతలయందు అల చిన్నదేయని తేలిన పిమ్మట ఆ హెచ్చరికను ఉపసంహరించిరి. 1881లో పామరునికి కానరాని అల, అప్పటి కాగితముపై నూరేండ్లకు పైగా నిద్రించిన యల, ఇప్పుడు గంటలలోనే తన సంగతి చెప్పుచున్నది.

అయినను గీత అబద్ధము చెప్పగల సందర్భములు మూడు కలవు. వానిని వరదసీమలోని వారు ప్రత్యేకముగా నెఱుగవలయును.

మొదటిది కొలబద్ద. తెర తనంత తానే కొలబద్దను మార్చుకొనునట్లు ఏర్పాటు చేసినచో, నది యెంత పెరిగినను గీత తెరలోనే యిమిడి కనబడును. ఒక అడుగు పెరుగుటయు పది యడుగులు పెరుగుటయు కంటికి ఒక్కతీరుగా తోచును. అందుచేత హెచ్చరిక యెత్తులను తెరమీద చెదరని అడ్డగీతలుగా నుంచవలయును. భద్రాచలమున 43, 48, 53 అడుగులకు మొదటి, రెండవ, మూడవ హెచ్చరికలు ఏర్పరచి యున్నారు. ఆ మూడు గీతల నడుమ నది గీత యెచట నున్నదో చూచినవాడు మోసపోడు.

రెండవది శిఖరము. తెరకు వేయి నిలువుపట్టీలే యుండి కొలతలు పదివేలు వచ్చినచో, ఒక్కొక్క పట్టీకి పది కొలతలు వచ్చును. వానిలో ఒకటి తీసికొని తొమ్మిది విడిచినను, పదింటికి సగటు కట్టినను, మిక్కిలి యెత్తైన కొలత మరుగుపడవచ్చును. పదింటిలో ఎక్కువదానిని తక్కువదానిని రెండింటిని కలుపుచు నిలువుగీత గీయుట న్యాయమైన పద్ధతి. గుండె యొక్కమారు తప్పి కొట్టుకొన్నను, నీరు ఒక్క గంట పొంగి తీసినను, ఆ గుర్తు నిలువవలెను.

మూడవది మౌనము. తుపానులో తంతులు తెగి రెండు గంటలు కొలతలు రాలేదనుకొందము. తెగినచోటికి ముందున్న కొలతను వెనుకనున్న కొలతతో తిన్నని గీతచే కలిపినచో, ఆ రెండు గంటలు నది నెమ్మదిగా నున్నట్లు చూచువాడు భావించును. తెలియని చోటును ఖాళీగానే విడువవలయును.

2022 జూలై నెలలో గోదావరి పొంగినప్పుడు ఈ మాటల విలువ అందరకును తెలిసివచ్చినది. మంచిర్యాల పట్టణములో నీరు ప్రవేశించినది. చెన్నూరు ప్రాంతమున నీటి ట్యాంకు నాశ్రయించి చిక్కుకొన్న యిద్దరిని హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చినది. జూలై 16న భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టు 16న చేరిన 75.6 అడుగుల తరువాత అంతటి వరద మరల అప్పుడే వచ్చినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నాలుగడుగుల భేదము మాత్రమే తెలియును. రెండు వరదల గీతలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఏది త్వరగా లేచినది, ఏది శిఖరమున ఎక్కువ కాలము నిలిచినది, ఏది మెల్లగా తీసినది యను సంగతులు తెలియును. పశువులను తోలుకొని పోవుటకు ఎన్ని గంటల వ్యవధి దొరకునో చెప్పునది శిఖరము గాదు; దాని ముందరి వాలు. చేలో పైరు బ్రదుకునో కుళ్లునో చెప్పునది దాని వెనుకటి వాలు. పైగా నేడు గోదావరిమీద అన్నారము మొదలగు బారేజీలు వెలసినవి. ద్వారములు తెరచుటయు మూయుటయు నదిగీతలో తమ గుర్తులను విడుచును. మా చేలు మునుగుటకు వానయే కారణమా, ఎగదట్టిన నీరు కారణమా యని చెన్నూరు రైతు అడిగినప్పుడు, వాదములకంటె ఆ దినపు గీతయే మేలైన సాక్షి.

కావున నా మనవి యిది. తెరమీద గీత నడచుట చూచి మనము ఆనందించుచున్నాము. అంచు దాటిన భాగము ఏమగుచున్నదో అడుగుట లేదు. కూనపులివారి పటములో చెప్పిన కథ చుట్టలో భద్రముగా నుండెను. విశాఖపట్టణపు కాగితములు నూరేండ్లకు పైగా నిలిచి సాక్ష్యము చెప్పినవి. మన తెరలకు సిరా లేదు. నిలుపవలెనను సంకల్పము మనకే యుండవలెను. ప్రతి వరదయొక్క గీతను, తేదీతోను కొలబద్దతోను ఖాళీలతోను ఉన్నదున్నట్లుగా, జిల్లా కార్యాలయమునందే గాక ఊరి బడియందును గ్రంథాలయమునందును నిలుపుట కష్టమైన పని గాదు. ఉత్తరవాహిని యొడ్డున పెరుగు బాలబాలికలు తమ నది వెనుక నెట్లు పొంగినదో ఆ గీతలలో చదువుకొందురు గాక. రాబోవు వరదనాడు, పెరుగుచున్నదా, తగ్గుచున్నదా యని యడిగిన తాతకు ప్రత్యుత్తర మీయగలవారు వారే.